నలభై రోజులు పస్తుండగలను, ఒకరి చేత ముద్ద తినిపించుకోలేను

ఈ ఉత్తరం గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడకు 58 ఏళ్ళు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. కుడిచేయి స్వాధీనంలో లేక ఎడమచేత్తో, రోజుకు కొంచెం కొంచెం రాశారు. అక్షరాలు వంకరగా ఉన్నా చెప్పదలచుకున్నది సూటిగా ఉంది.

భర్త కామెర్లతో చనిపోయి ఇరవై ఏళ్ళ పైమాట. అప్పటికి కొడుకు ఏడో తరగతి, కూతురు నాలుగో తరగతి. భర్త నడిపిన పిండిమరను ఆవిడే అందుకున్నారు. బియ్యం, జొన్నలు, శనగపప్పు, ఎండలు ముదిరితే కారం, పసుపు. కారం సీజన్‌లో మర కట్టేసరికి అర్ధరాత్రి అయ్యేది, పిల్లలు పక్కింటి పిన్నిగారి దగ్గరే తిని పడుకునేవాళ్ళు. ఒక ఏడు మోటారు కాలిపోతే చెవులవి తాకట్టు పెట్టారు. అది చాలకపోతే మెకానిక్ మిగతా డబ్బు సీజన్ అయ్యాక తీసుకున్నాడు. పిల్లలిద్దరూ చదువుకున్నారు, పెళ్ళిళ్ళయ్యాయి. "ఎవరి ముందూ చెయ్యి చాచలేదు" అన్న మాట ఉత్తరంలో మూడుచోట్ల ఉంది.

లూథరన్ కుటుంబం, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. భర్త పోయిన మరుసటి ఏడు నుంచి ప్రతి లెంట్‌లోనూ (ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో), ఆదివారాలు కూడా విడవకుండా, పొద్దుగూకాక ఒక్కపూటే తింటూ వచ్చారు. నిరుడు పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి, కుడిచేయి ఇంకా రాలేదు. షుగర్, బీపీ ఉన్నాయి కాబట్టి పస్తులు కూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇప్పుడు తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది కోడలే. కొడుకు మర అమ్మేద్దాం అంటున్నాడు.

లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నాడు అయ్యగారు (పాస్టరు) దేవుని మీద ఆధారపడటం గురించి ప్రసంగిస్తూ సారెపతు విధవరాలి కథ చెప్పారట. కరువులో మిగిలిన కొంచెం పిండితో ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెడితే, ఆమె తొట్టిలో పిండి తరగలేదన్న బైబిలు కథ అది. చెప్పి, ఆవిడ వైపు చూపిస్తూ "మన మధ్యే అలాంటి తల్లి ఉంది, ఆమె తొట్టిలో పిండి దేవుడు తరగనివ్వలేదు" అన్నారట. అక్కడి నుంచి ఆవిడ మాటల్లోనే:

"గుడిలో అందరూ నా వైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా తొట్టిలో పిండి దేవుడు పోయలేదండీ. నేను నిద్ర మానుకుని మర ఆడించాను. మా ఆయన మంచంలో ఉన్నప్పుడు నెలల తరబడి మోకాళ్ళ మీద అడిగాను. ఇవ్వలేదు. పైగా నాకు విశ్వాసం చాలలేదన్నారు కొందరు. అప్పటినుంచి అడగడం మానేశాను, పని చేసుకున్నాను. ఇప్పుడు అంతా దేవుడి మీద ఆధారపడే బతికానని ఒప్పుకుంటే నా కష్టం ఏమైనట్టు? ఈ నలభై రోజులు పస్తుండమంటే ఉండగలను. కోడలి చేత ముద్ద తినిపించుకోలేకపోతున్నాను. గోడ వైపు చూస్తూ తింటున్నాను. బల్ల (ప్రభువు రాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం కూడా మానేశాను, అయ్యగారు నోట్లో పెట్టాల్సి వస్తుందని. నేను చేస్తున్నది పాపమా?"

అమ్మా,

చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్తాను: కాదు. మీరు బాధలో ఉన్నారు. బాధను పాపం ఖాతాలో రాసుకోకండి.

మీ కోపం కూడా న్యాయమైనదే. అయ్యగారు మిమ్మల్ని గౌరవించాలనే ఆ మాట అని ఉంటారు. అయినా ఒక మనిషి ఇరవై ఏళ్ళ బతుకును ఆమెను అడగకుండా ప్రసంగంలోకి తెచ్చి, అందులో ఆమె చెమట కనబడకుండా చేస్తే గుండెలో గుచ్చుకుంటుంది. ఈ సంగతి ఆయనకు చెప్పొచ్చు. వినే మనిషైతే మీ దగ్గర నేర్చుకుంటారు. చెప్పకుండా వదిలేసినా తప్పులేదు గాని, అలా వదిలేస్తే ఆ మంట ప్రతి ఆదివారం మీతోపాటు గుడికి వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. దేవుడిచ్చాడంటే నా కష్టం ఏమైనట్టు అన్నారు. మన్నా సంగతి మీకు తెలిసిందే. నిర్గమకాండం 16లో దేవుడు ఎడారిలో ఉన్న ఇశ్రాయేలు జనానికి ఆకాశం నుంచి ఆహారం కురిపించాడు. కాని దాన్ని ఏరుకోవాల్సింది జనమే, అదీ పొద్దున్నే. ఎండెక్కితే కరిగిపోయేది. సంఖ్యాకాండం 11లో ఇంకో వివరం ఉంది. ప్రసంగాల్లో అది పెద్దగా వినబడదు. జనం ఆ మన్నాను కూర్చుకుని, తిరగలిలో విసిరి, లేకపోతే రోట్లో దంచి, రొట్టెలు చేసుకున్నారు. ఆకాశం నుంచి పడినదాన్ని కూడా ఎవరో ఒకరు కూర్చుని పిండి చేయాల్సి వచ్చింది. ఎడారిలో ఎన్ని వేల మంది ఆడవాళ్ళ చేతులు కాయలు కాశాయో! ఆ చేతుల కష్టం అబద్ధమని బైబిలు ఎక్కడా అనలేదు.

ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయాన్ని మీ మనవడి చేత చదివించుకోండి, లేదా ఫోన్‌లో పెట్టుకుని వినండి. మనిషి రొట్టె వల్ల మాత్రమే బతకడన్న మాట అందులోనిదే, యేసు అరణ్యంలో సాతానుకు జవాబుగా చెప్పింది ఆ వాక్యమే. అదే అధ్యాయం కింద, ఈ భాగ్యం నా బాహుబలంతోనే సంపాదించుకున్నానని అనుకోవద్దని, ఆ జనాన్ని నడిపించిన మోషే హెచ్చరిస్తాడు. ఆ వెంటనే ఏమంటాడో గమనించండి. మీరు సంపాదించలేదని అనడు. సంపాదించుకునే సామర్థ్యం ఇచ్చినవాడు ఆయనే అంటాడు. సంపాదన మీదే. మర ఆడించింది మీరే. అర్ధరాత్రి ఒంట్లో మిగిలిన ఆ సత్తువ ఎక్కడిదన్నదొక్కటే మోషే అడుగుతున్న ప్రశ్న. ఈ రెండింట్లో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

మీరు లూథరన్ కాబట్టి ఇంకో మాట. సంఘంలో పూర్తి సభ్యులయ్యే స్థిరీకరణకు ముందు లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాలు బట్టీపట్టే ఉంటారు. 1529 నాటి పుస్తకం. ప్రభువు ప్రార్థనలో "మా అనుదినాహారము" అంటే ఏమిటని అడిగి, ఆయన అన్నంతో ఆపలేదు. బట్టలు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి భార్యాభర్తలు, మంచి పిల్లలు, మంచి వాతావరణం, నమ్మకమైన ఇరుగుపొరుగు, అన్నీ అందులోకే వస్తాయన్నారు. ఇప్పుడు మీ ఉత్తరం మీరే మళ్ళీ చదువుకోండి. మీ పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టిన పక్కింటి పిన్నిగారు, సీజన్ దాకా డబ్బు అడగకుండా ఆగిన మెకానిక్. వాళ్ళను మీరు మరచిపోలేదు, మీ చేత్తోనే రాశారు. చెయ్యి చాచకుండానే మీకు అందినవి ఉన్నాయి. దేవుడి మీద ఆధారం అంటే నాకు అర్థమైనంతలో చాలావరకు ఇలాగే ఉంటుంది. ఎవరో మనిషి రూపంలో వచ్చి వెళ్ళిపోతుంది, మనం పనిలో ఉండి లెక్కపెట్టుకోము. ఈ లెంట్‌లో ఎవరో చెప్పారని కొత్తగా ఆధారపడటం మొదలుపెట్టనక్కర్లేదు. మొదటినుంచీ ఉన్నదాన్ని చూసుకుంటే చాలు.

మీ ఆయన సంగతి మాత్రం ఇలా తేల్చేయలేను. ఆయన ఎందుకు లేవలేదో ఏ మనిషీ చెప్పలేడు. విశ్వాసం చాలలేదన్నవాళ్ళ మాట పక్కన పెట్టేయండి. రేపు ఎవరైనా వచ్చి, మీకు ఆధారపడటం నేర్పడానికే దేవుడు పక్షవాతం పంపాడంటే దాన్నీ నమ్మకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం ఇది అని శిష్యులడిగితే, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు.

నన్ను ఆపేసిన మాట ఇంకొకటి: "అప్పటినుంచి అడగడం మానేశాను." ఇన్నేళ్ళూ లెంట్ వచ్చినప్పుడల్లా కడుపు మాడ్చుకుని దేవుడి దగ్గరకు వెళ్ళారు, ఏమీ అడగకుండా తిరిగొచ్చారు. నాకేమనిపిస్తున్నదంటే, ఆ పస్తులు మీకు దేవుడి దగ్గర బాకీ పడకుండా ఉండే దారి అయిపోయాయి. నా వంతు నేను చేశాను, నువ్వు నాకేం ఇవ్వనక్కర్లేదు అన్నట్టు. అలా ఎందుకైందో అర్థం చేసుకోగలను. అంత పెద్దది అడిగి కాదనిపించుకున్నాక మళ్ళీ అడగడానికి ఎవరికైనా నోరు రాదు. అయితే మీకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన మీద కోపం ఉంది. ఏ ఆశా లేనివాళ్ళ మీద మనం అలిగి కూర్చోము. మంచి శుక్రవారం నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోది గుర్తు చేసుకోండి: నా దేవా, నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి. అది 22వ కీర్తన మొదటి వాక్యం. ఫిర్యాదు చేయడం కూడా ప్రార్థనే. మీ ఆయన విషయంలో మీరు దాచుకున్న ఫిర్యాదును ఈ రోజుల్లో ఒకసారి గట్టిగా, తలుపు వేసుకుని, దేవుడితోనే చెప్పండి. మెత్తని మాటలు వెతుక్కోవద్దు.

పస్తు సంగతి. మీ ముందు దారులున్నాయి, ఏది పట్టుకుంటే ఏమవుతుందో చెప్తాను, నిర్ణయం మీది. ఎప్పటిలా పొద్దుగూకేదాకా ఉంటానంటే: షుగర్ బిళ్ళ వేసుకుని అన్నం మానేస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. బిళ్ళలు కూడా మానేస్తే షుగర్, బీపీ పెరిగి మళ్ళీ పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఒక్క చేయి కాదు, మనిషే మంచాన పడొచ్చు. ఇది నేను ససేమిరా వద్దంటాను. రెండోది, డాక్టరుతో మాట్లాడి, మూడుపూటలా వేళకు తింటూనే మాంసం, టీ, మీకిష్టమైనవేవో విడిచిపెట్టడం. అందులో ప్రమాదం లేదు, అలవాటూ తప్పదు. సీరియళ్ళు మానేయమని స్త్రీల సమాజంలో ఎవరో చెప్పారని రాశారు. మానేయండి, మంచిదే, కాని మీ విషయంలో అది పైపైనే ఉండిపోతుందని నా అనుమానం. మూడోది, ఈ ఏడు తిండి జోలికే వెళ్ళకుండా, ఏదైనా కావాలంటే నోరు విప్పి అడగడాన్నే వ్రతంగా పెట్టుకోవడం. దాహం వేస్తే నీళ్ళడగడం. నడుము నొప్పిగా ఉంటే చెప్పడం. దేవుణ్ణి కూడా, చిన్నదైనా, రోజుకొకటి అడగడం. నా మొగ్గు దీనివైపే. మీకు పస్తులకంటే ఇదే కష్టమని నాకు తెలుసు.

లెక్క కోసం అయితే ఒక మాట. ఈ ఏడాది భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. మధ్యలో 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై అవుతాయి. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండకూడదన్నది పూర్వం నుంచీ వస్తున్న పద్ధతి. మీరేమో ఆదివారాలు కూడా వదల్లేదు! మీకు సంఘం ఇచ్చిన విశ్రాంతిని కూడా తీసుకోలేదన్నమాట.

అయ్యగారు చెప్పిన ఏలీయా కథలోనే మీకు పనికొచ్చేది ఇంకోటుంది. 1 రాజులు 19లో ఆ ప్రవక్త అలిసిపోయి, చావు కోరుకుని, చెట్టు కింద పడి నిద్రపోతాడు. దేవదూత వచ్చి లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అంటాడు. రెండుసార్లు లేపి తినిపిస్తాడు. ఆ తిండి బలంతోనే ఏలీయా నలభై పగళ్ళు నలభై రాత్రులు నడిచి దేవుని కొండ హోరేబుకు చేరాడు. ఆయన నలభై రోజులు మొదలైంది భోజనంతో. సారెపతులో కూడా చూడండి. ఊరి గవిని దగ్గర కట్టెలు ఏరుకుంటున్న విధవరాలిని ముందు నీళ్ళు, తర్వాత రొట్టెముక్క అడిగింది ఏలీయానే. వాన ఆగిపోతుందని రాజు ముందు చెప్పిన మనిషి, ఒక పేదరాలి ముందు చెయ్యి చాచాడు. ఇన్నేళ్ళూ మీరు ఆ విధవరాలి చోట నిలబడ్డారు. ఇప్పుడు మీరు ఏలీయా చోటుకు వచ్చారు. అది కిందికి దిగిపోవడం కాదు.

కోడలి దగ్గరకు వద్దాం. గోడ వైపు చూస్తూ తింటున్నానన్నారు. ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. పొద్దున లేచి ఇంటిపని, పిల్లల క్యారేజీలు, మధ్యలో మీ తల దువ్వడం. అత్తగారు మాట్లాడరు, ముఖం తిప్పుకుంటారు. మీకు సిగ్గుగా ఉందని ఆమెకు తెలియదు. తను చేసింది నచ్చడం లేదనుకుంటుంది. కొన్నాళ్ళకు ఆమె చేతుల్లోనూ విసురు వస్తుంది, మీరు దాన్ని పట్టుకుని చూశావా అనుకుంటారు. ఇలాగే చెడిపోయిన ఇళ్ళు చాలా చూశాం. కాబట్టి ఒక్కసారి చెప్పండి: "అమ్మాయ్, నీ మీద కోపం కాదు, నాకు సిగ్గేస్తోంది, అందుకే మాట్లాడలేకపోతున్నాను." అంతే చాలు. ఎలా దువ్వితే మీకు నొప్పి లేదో, ముద్ద ఎంత పెట్టాలో కూడా చెప్పండి.

వేరే ఏర్పాటూ ఉంది. స్నానానికి, తల దువ్వడానికి పొద్దున ఒక గంట ఎవరినైనా మనిషిని పెట్టుకోవచ్చు. ఖర్చవుతుంది, కాని ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది. కోడలు దాన్ని తనను కాదనుకున్నట్టు తీసుకోవచ్చు, అందుకని ముందు ఆమెతోనే కలిసి ఆలోచించండి. ఇంకోపక్క, చేతనైనది మీరే చేసుకోండి. ఫిజియోథెరపీ ఆపేశారని రాశారు, ఎందుకో రాయలేదు. మళ్ళీ మొదలుపెట్టండి. ఎడమచేత్తో ఇంత ఉత్తరం రాసిన మనిషి ఎడమచేత్తో చెంచా పట్టుకోగలరు. దేవుడి మీద ఆధారపడటమంటే ఉన్న చేతిని కూడా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం కాదు.

పేతురు గుర్తున్నాడు కదా. కడరాత్రి యేసు కాళ్ళు కడగబోతే, నా కాళ్ళు నువ్వు ఎన్నటికీ కడగకూడదన్నాడు. అది గౌరవమే, అందులో కొంచెం గర్వమూ ఉంది. యేసు ఒప్పుకోలేదు, కడగనివ్వకపోతే నాతో నీకు భాగం లేదన్నాడు. శిష్యుల్లో అందరికంటే చొరవగా ఉండే మనిషికి, కూర్చుని కాళ్ళు చాపడం అంత కష్టమైంది.

మర విషయంలో తొందరపడకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆధారపడటం నేర్చుకోవాలన్న ఉద్వేగంలో, కొడుకు ఏ కాగితం పెడితే దానిమీద సంతకం చేసేయవద్దు. మీ అబ్బాయి మంచివాడే కావచ్చు, తల్లి మళ్ళీ కారం ఘాటులో కూర్చోకూడదనే అతని ఆలోచన కావచ్చు. అమ్మితే ఒక్కసారిగా డబ్బు చేతికొస్తుంది, మందులకు ఇబ్బంది ఉండదు, కాని రేపటినుంచి పొద్దున లేచి వెళ్ళే చోటు మీకుండదు. మర దగ్గర పనిచేసే కుర్రాడికి లీజుకిస్తే నెలనెలా కొంత వస్తుంది, మీ పేరూ నిలుస్తుంది. మోటారు, బెల్టు ఖర్చులు ఎవరివో ముందే రాసుకోకపోతే గొడవలొస్తాయి. యజమానిగా మీరే ఉండి, పొద్దున రెండు గంటలు కుర్చీలో కూర్చుని లెక్క చూసుకునే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు, అది మీ ఒంటికి ఎంతవరకు పడుతుందో డాక్టరే చెప్పాలి. ఎలాగూ ఇప్పుడు కారం సీజన్. ఇది అయ్యేదాకా ఏదీ తేల్చవద్దు. తర్వాత కూతుర్ని కూడా పిలిచి, ఇద్దరు పిల్లల ముందు మాట్లాడండి. అమ్మినా, రాసిచ్చినా, లాయరుకు చూపించాకే.

మిగిలింది బల్ల. ఇది మాత్రం ఆలస్యం చేయవద్దని నా కోరిక. ఎవరి ముందూ చెయ్యి చాచలేదన్నారు గాని, బల్ల దగ్గర మోకరించినప్పుడల్లా చాచారమ్మా, కొనలేనిదానికి, మర ఆడించి సంపాదించలేనిదానికి. లూథర్ 1546లో చనిపోవడానికి రెండు రోజుల ముందు రాసిన కాగితం ముక్క మీద చివరి మాట, మనం బిచ్చగాళ్ళం, ఇది నిజం అని. బల్లకు ఎవరు యోగ్యులన్న ప్రశ్నకు చిన్న ప్రశ్నోత్తరాల్లో ఆయన ఇచ్చిన జవాబు మీరు చిన్నప్పుడు అప్పజెప్పినదే: ఉపవాసం ఉండటం మంచి క్రమశిక్షణే, అయితే బల్ల దగ్గర చెప్పే "మీ కొరకు" అన్న మాటను నమ్మినవారే నిజంగా యోగ్యులు. చేయి ఆడుతుందా లేదా అన్నది అందులో లేదు. గుడిలో అందరి ముందూ ఇబ్బందిగా ఉంటే అయ్యగారిని ఇంటికి రమ్మనండి, జబ్బు చేసినవాళ్ళకు ఇళ్ళకు వచ్చి ఇవ్వడం వాళ్ళ పనిలో భాగమే. కాదు గుడికే వెళ్తానంటే, రొట్టెను ద్రాక్షారసంలో ముంచి నోటికి అందించమని ముందుగానే చెప్పి ఉంచండి. ఇంటికొచ్చినప్పుడు తొట్టిలో పిండి సంగతి కూడా ఆయనతో మాట్లాడుకోవచ్చు. మంచి శుక్రవారం ఏప్రిల్ 3న. ఆ వారం ఆయనకు తీరిక ఉండదు, కాబట్టి ఈ లోపే ఫోన్ చేయించండి.